నాలుగెకరాల వరి, ఊరందరి తాగునీళ్లు: అనంతపురం పల్లెలో ఒక బోర్ల జట్టు

అనంతపురం జిల్లాలో నేను పనిచేసే పల్లెల్లో బడి గోడ మీద ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది: "నీటిని పొదుపుగా వాడండి." పక్కనే ఒక కుళాయి బొమ్మ, దాని మూతి నుంచి రాలుతున్న చుక్క. పిల్లలకు ఈ మాట నేర్పడం మంచిదే. అయితే ఆ గోడకు కూతవేటు దూరంలో బోరు కింద వరి మడి ఉంటే ఆ చుక్కను వేరే లెక్కలో చూడాల్సి వస్తుంది.

లెక్క ఇది. జల్ జీవన్ మిషన్ కింద పల్లెలో మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలన్నది ప్రమాణం. తాగడం, వంట, స్నానం, బట్టలు, గిన్నెలు అన్నీ అందులోనే. ఏడాదికి మనిషికి 20,000 లీటర్లు అనుకుందాం. 900 మంది ఉన్న ఊరికి 1.8 కోట్ల లీటర్లు. ఇక వరికి నారుమడి నుంచి కోత దాకా సుమారు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలి. ఎకరానికి 48 లక్షల లీటర్ల పైమాటే. అంటే ఊరు మొత్తం ఏడాది పొడుగునా ఇళ్లలో వాడుకునే నీళ్లు నాలుగెకరాల వరి ఒక్క పంటకు తాగే నీళ్లకన్నా తక్కువ. ఇంటింటా సగం వాడకం తగ్గించినా మిగిలేది రెండెకరాల మడికి కూడా చాలదు. మన దేశంలో భూమిలోంచి తోడే నీళ్లలో దాదాపు 87 శాతం సేద్యానికే పోతుంది. సమస్య ఇక్కడ ఉంటే, జాగ్రత్తలన్నీ వంటింట్లో చెబుతున్నాం.

నేను రైతు జట్లతో భూగర్భజలాల మీద పనిచేస్తాను. ఈ కేస్ స్టడీ ఒక ఊళ్లో, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న బోర్ల యజమానులు, వాళ్ల పక్కన బోర్లు లేని రైతులు కలిసి చేసుకున్న ఒప్పందం గురించి. కొన్ని గొడవలు ఇంకా తెగలేదు కాబట్టి ఊరి పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు.

ఊరు, రాయి, వాన

అనంతపురానికి ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. నైరుతి మబ్బులు పడమటి కనుమల అవతలే చాలావరకు కురిసేసి వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం దాటి ఇక్కడికి వచ్చేసరికి నీరసపడతాయి. మనకు గట్టి వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. జూన్, జూలైలో విత్తిన శనక్కాయ ఆ లోపల ఎన్ని బెట్టలు తట్టుకుంటుందన్న దాని మీదే ఆ ఏడాది రైతు బతుకు ఉంటుంది.

కింద గ్రానైటు, నైసు రాళ్లు. పైన కొన్ని మీటర్ల మట్టి, దాని కింద మెత్తబడిన మొరుసు, ఆ కింద గట్టి బండ. నీళ్లు నిలవ ఉండేది ముఖ్యంగా ఆ మొరుసులో. బండలో పగుళ్లు ఉంటే వాటిల్లో కొంత. పైనున్న మొరుసు ఎండిపోతే పగుళ్లలోకి నీళ్లు దిగవు. వెయ్యి అడుగుల లోతుకు బోరు దింపినా లోపల కొత్త సముద్రం ఏమీ ఉండదు. పాత నీళ్లనే ఇంకొంచెం కింద నుంచి లాగుతామంతే. ఈ సంగతి అర్థం కాక బోరు మీద బోరు వేసి అప్పుల పాలైన కుటుంబాలు ఈ జిల్లాలో ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

ఈ ఊరికి తూర్పున గుట్టలు, వాటి మీంచి దిగే ఒక వంక, వంక చివర చెరువు. పెద్దవాళ్లకు చెరువు కింద నీరుగంటి ఉన్న రోజులు ఇంకా గుర్తున్నాయి. చెరువు సగమే నిండిన ఏడాది ఎవరి మడికి ఎంత నీళ్లో నీరుగంటి తేల్చేవాడు. అందరి ఆయకట్టూ ఒకే దామాషాలో తగ్గేది. ఈ పద్ధతి రాయలసీమకు కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు కట్ట దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించడానికి రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లు పని చేయించాడని అందులో రాశారు. అలాంటి చెరువు నీళ్లు అందరి కళ్ల ముందు ఉంటాయి. ఎవరు ఎక్కువ మళ్లించుకున్నా వెంటనే తెలిసిపోతుంది. బోరు వచ్చాక నీళ్లు కంటికి కనబడకుండా పోయాయి, నీరుగంటి కూడా పోయాడు. ఎవడి బోరు వాడిది, ఎవడి మోటారు వాడిది.

మంచి రైతు, డ్రిప్పు, ఎండిన బోరు

ఊళ్లో అందరూ మెచ్చుకునే ఒక చీనీ (బత్తాయి) తోట రైతు ఉన్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో బిందుసేద్యానికి రాయితీ పథకం 2003లో మొదలైనప్పుడు ఈ ప్రాంతంలో డ్రిప్పు వేసుకున్న తొలి కొద్దిమందిలో ఆయన ఒకడు. కాలువ కట్టి చెట్ల పాదుల్లోకి నీళ్లు పారించే పద్ధతి ఆపేశాడు. చెట్ల కింద శనక్కాయ పొట్టు, ఆకులతో మల్చింగ్ చేశాడు. ఒక మనిషి తన స్థాయిలో ఎంత చేయగలడో అంతా చేశాడు.

డ్రిప్పుతో నీళ్లు మిగిలాయి. మిగిలిన నీళ్లతో ఆయన ఇంకో మూడెకరాలకు తోట పెంచాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కొడుకు చదువు, కూతురి పెళ్లి, బ్యాంకు అప్పు అన్నీ ఆ తోట మీదే. ఆయన మిగిల్చి భూమిలో ఉంచినా అవి ఆయనవి కావు, పక్క పొలం బోరు లాగేస్తుంది. ఏ తెలివైన రైతైనా ఆయన చేసిందే చేస్తాడు. 1865లో ఇంగ్లండులో జెవన్స్ అనే ఆర్థికవేత్త బొగ్గు విషయంలో ఇదే గమనించాడు. ఆవిరి యంత్రాలు తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేసే కొద్దీ దేశం మొత్తం మీద బొగ్గు వాడకం తగ్గకపోగా పెరిగింది. మన తోటల్లో జరుగుతున్నదీ అదే. డ్రిప్పు వల్ల ఎకరాకు వాడకం తగ్గింది, ఎకరాలు పెరిగాయి, బోర్లలో మట్టం మాత్రం కిందికే పోయింది. ఆయన పాత బోరు ఒక వేసవిలో ఆగిపోయింది. కొత్తది అంతకు రెట్టింపు లోతుకు వేయించాడు. దాంతో పక్కన రెండు బోర్లు తగ్గాయి.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. 2004లో రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. కరువులో నలిగిన రైతుకు అది పెద్ద ఊరట, దాన్ని తీసేయమని నేను ఎన్నడూ అనను. అయితే మోటారు ఇంకో గంట ఆడితే జేబులోంచి పైసా పోదు కాబట్టి ఆపడానికి రైతుకు సొంత కారణం ఏదీ ఉండదు. ఇట్లాంటి చోట "మీరు పొదుపు చేయండి" అని ఒక్కొక్క రైతుకు విడివిడిగా చెప్పడం అంటే పొదుపు చేసినవాడు నష్టపోయే ఏర్పాటులో పొదుపు చేయమని అడగడమే.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దొరికిన దారి

మేము నీళ్ల మాటతో మొదలు పెట్టలేదు. ఊళ్లో రైతుల నోట రోజూ వినబడే గోడు మోటార్లు కాలిపోవడం. ప్రతి బోరుకూ ఆటో స్టార్టర్ ఉంది. త్రీఫేజ్ కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒకేసారి లేస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం పడి వోల్టేజీ పడిపోతుంది. మోటారు వైండింగ్ కాలుతుంది, అప్పుడప్పుడు ట్రాన్స్‌ఫార్మరే పోతుంది. ఇక లైన్‌మన్ కోసం ఎదురుచూపులు, ట్రాక్టరు బాడుగ, చందాలు. అంతలో పైరు వాడిపోతుంది.

దీనికి మందు కెపాసిటర్లు, అంటే స్టార్టర్‌కు తగిలించి వోల్టేజీ పడిపోకుండా చూసే చిన్న పరికరాలు. కాకపోతే ఒక్క రైతు తన స్టార్టర్‌కు కెపాసిటర్ పెట్టుకుంటే వోల్టేజీలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాదు. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నవాళ్లంతా పెట్టుకుంటే అందరికీ వోల్టేజీ నిలబడుతుంది. ఒకరిద్దరు ముందే పెట్టుకుని, లాభం లేదని పీకేసి ఉన్నారు. అందరం ఒకేసారి పెడదాం, ఆటో స్టార్టర్లు తీసేసి వంతుల ప్రకారం మోటార్లు వేసుకుందాం అన్నప్పుడు అనుమానంగానే ఒప్పుకున్నారు. ఆ సీజన్‌లో మోటార్లు కాలడం బాగా తగ్గింది. వాళ్లు ఆ మార్పును కళ్లారా చూశారు. నా ఉద్దేశంలో ఈ పని మొత్తానికి పునాది అక్కడే పడింది. జట్టు అంటే ఏమిటో, నేనొక్కణ్ణి చేస్తే రానిది అందరం చేస్తే ఎట్లా వస్తుందో ఏ ఉపన్యాసమూ లేకుండా అర్థమైంది. పైగా జట్టుకు హద్దు కూడా దొరికింది. ఊరు మొత్తాన్ని ఒక్క తాటి మీదికి తేవడం కష్టం. ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులు మాత్రం ఒకరినొకరు రోజూ చూసుకునేవాళ్లే, ఒకే ఫ్యూజుతో బతికేవాళ్లు.

కొలత

2003 నుంచి కొన్నేళ్లపాటు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను కొలిచి లెక్కగట్టే కార్యక్రమం నడిచింది. అనంతపురం, కర్నూలు, కడప మూడూ అందులో ఉన్నాయి. అప్పట్లో శిక్షణ పొందిన ఒక పెద్దాయన ఈ ఊరికి అల్లుడు. వాన కొలిచే రెయిన్‌గేజ్, బోరులో మట్టం చూసే టేపు, 200 లీటర్ల డ్రమ్ము, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్: ఇవే మా సామాను. డ్రమ్ము 80 సెకన్లలో నిండితే సెకనుకు రెండున్నర లీటర్లు, గంటకు 9,000 లీటర్లు. తొమ్మిది గంటల కరెంటుకు 81,000 లీటర్లు. "రెండించుల నీళ్లు పడినాయి" అని చెప్పుకునే రైతుకు తన బోరు రోజుకు ఎన్ని లీటర్లు తోడుతోందో తెలియడం అదే మొదటిసారి.

ఒక ఉదయం జరిగింది వివరంగా చెప్పాలి. ఇద్దరు రైతుల బోర్లు గట్టుకు అటూ ఇటూ ఉన్నాయి. వరసకు మామా అల్లుళ్లు, నీళ్ల దగ్గర మాత్రం ఏళ్ల తరబడి మాటల్లేవు. ఇద్దరి మోటార్లనూ రాత్రంతా ఆపించాం. పొద్దున్నే అల్లుడి బోరు మూత తీసి టేపు దించాం. దాని కొసన ఉన్న ఇత్తడి గుండు నీటిని తాకగానే పైన రీలులో బజర్ మోగుతుంది. మట్టం రాసుకున్నాం. తరువాత మామ మోటారు వేశాడు. అల్లుడి మోటారు ఆపే ఉంది. పావుగంటకొకసారి టేపు దించాం. ప్రతిసారీ బజర్ మోగడానికి టేపు ఇంకొంచెం కిందికి దించాల్సి వచ్చింది. చుట్టూ చేరినవాళ్ల మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నాలుగోసారి అల్లుడే టేపు చేతిలోకి తీసుకుని దించాడు. బజర్ మోగాక గుర్తు చూసుకుని, "మామా, నా మోటారు ఆపినా నా బోర్లో నీళ్లు దిగిపోతాండాయి," అన్నాడు. మామ వెంటనే బదులివ్వలేదు. కాసేపటికి, "ఒకే తొట్టిలో మూతి పెట్టిన ఎద్దుల మాదిరుండాం రా మనం," అన్నాడు.

ఆ తరువాత ఊరి నీళ్ల బడ్జెట్ తీయడం తేలికైంది. వాన లెక్క వాళ్లే వేశారు. ఒక ఎకరం మీద 550 మిల్లీమీటర్లు పడితే సుమారు 22 లక్షల లీటర్లు. ఇట్లాంటి రాతినేలలో అందులో భూమిలోకి ఇంకేది అటూ ఇటూగా పది శాతం, అంటే 2.2 లక్షల లీటర్లు. వరికి ఎకరానికి 48 లక్షలు. అంటే ఒక ఎకరం వరి పండాలంటే 22 ఎకరాల మీద ఏడాదంతా పడిన వాన ఇంకి ఉండాలి. మడిలో పెట్టిన నీళ్లలో కొంత మళ్లీ భూమిలోకి దిగుతుందన్నది నిజమే. అది తీసేసినా లెక్క భయపెట్టేదిగానే ఉంటుంది. "అంటే నేను రెండెకరాలు వరి పెడితే నలభై నాలుగు ఎకరాల వాన నేనొక్కణ్ణే తాగినట్లా?" అని ఒకాయన అడిగాడు. అక్కడున్న రైతుల్లో చాలామందికి నలభై నాలుగు ఎకరాలు కాదు కదా, నాలుగెకరాలు కూడా లేవు.

ఒప్పందం

కూర్చున్న ప్రతిసారీ మాట ఒకే చోట ఆగేది. బోర్లున్నవాళ్లు వరి మానేస్తే, నీళ్లు మిగిలితే, ఆ మిగిలినవి ఎవరివి? బోరు లేని ఒక అక్క ఈ ప్రశ్న సూటిగా అడిగింది. ఆమెకు మూడెకరాల శనక్కాయ, వానే ఆధారం. "మీరు ఆదా చేస్తే మీ బోర్లు నిలబడతాయన్నా. నాకేమొస్తుంది? నాకు బ్యాంకోళ్లు లోన్ ఇస్తే నేనూ బోరు వేస్తా. నన్ను వద్దనే హక్కు మీకు యాడుంది?"

ఆమె అడిగింది న్యాయం. ఒకరి పొదుపు ఇంకొకరికి కొత్త బోరు వేసుకునే అవకాశం అయితే ఆ పొదుపు నిలవదు. కొత్త బోర్లు వద్దంటే ముందే బోరున్నవాళ్లకు శాశ్వత హక్కు రాసిచ్చినట్లవుతుంది. రెంటినీ కలిపే దారి ఒక్కటే: బోరు లేనివాళ్లు బోరు వేయమని మాట ఇవ్వాలి, బోరున్నవాళ్లు వాళ్లకు నీళ్లిస్తామని మాట ఇవ్వాలి. బోర్లను పైపులైన్‌తో కలిపి నీళ్లు పంచుకోవడం అనంతపురం జిల్లాలో ఇతర చోట్ల కూడా రైతులు చేసి చూసిన పద్ధతే. మహారాష్ట్రలోని హివరే బజార్ ఊరు సాగు కోసం బోర్లు వేయకూడదని తానే కట్టుబాటు పెట్టుకుని నిలబెట్టుకుంది. ఆ సంగతి కూడా చర్చలో చెప్పాం. ఇక్కడివాళ్లు దాన్ని తమకు తగ్గట్టు మార్చుకున్నారు.

చివరకు కుదిరిన మాటలు ఇవి. ఈ జట్టు భూముల్లో పదేళ్లపాటు ఎవరూ కొత్త బోరు వేయకూడదు. రబీలో బోర్ల కింద వరి పెట్టకూడదు. ఇంటి తిండికి కావాలంటే వానాకాలంలో, అదీ చెరువు నిండిన ఏడాదే. బోర్లన్నిటినీ భూమిలో పూడ్చిన పైపులైన్‌తో కలపాలి. ఖరీఫ్‌లో బెట్ట వస్తే జట్టులోని శనక్కాయ చేలన్నిటికీ, బోరున్నా లేకున్నా, స్ప్రింక్లర్లతో ఒకటి రెండు తడులు ఇవ్వాలి. ఆ తడులు పూర్తయ్యేదాకా బోరు యజమాని తోటకు కూడా వంతే. మట్టం ఒక గుర్తు కన్నా దిగితే ఆ బోరుకు విశ్రాంతి, దాని కింది పంటకు మిగతా బోర్ల నుంచి నీళ్లు. పైపులైన్ ఖర్చులో పెద్ద భాగం మా ప్రాజెక్టు భరించింది, మిగతాది ఎకరాల లెక్కన రైతులు వేసుకున్నారు.

చీనీ తోట రైతు చాలా రోజులు సంతకం చేయలేదు. ఆయన భయం నిజమైనదే: చీనీ చెట్టు ఒక ఏడాది ఎండితే పదేళ్ల కష్టం పోతుంది, శనక్కాయ అట్లా కాదు. వేసవిలో కాపు మీదున్న తోటకు తడి తప్పించకూడదని ఒక మాట చేర్చాకే ఆయన ఒప్పుకున్నాడు. బదులుగా ఇకమీదట తోట విస్తీర్ణం పెంచనని రాసిచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన డ్రిప్పు అసలైన డ్రిప్పు అయింది. అందులో మిగిలిన నీళ్లు పైపులైన్‌లోకి, అంటే పక్క చేలోకి పోతాయి. సొంత అలవాట్లు పనికిరావని నేను అనడం లేదన్నది ఇక్కడ స్పష్టంగా చెప్పాలి. ఆయన ఇరవై ఏళ్లుగా చేస్తున్న మంచి పనికి ఫలితం దక్కే ఏర్పాటు ఇప్పుడు వచ్చింది. ఆయన మొదటి నుంచీ నీళ్లను లెక్కగా వాడే మనిషి కాబట్టే ఆయన సంతకం పడగానే ఇంకో అయిదారుగురు వెనకాలే వచ్చారు. ఊళ్లో మాటకు విలువ అట్లా వస్తుంది.

మొదటి బెట్ట

ఆ ఏడు ఆగస్టు చివర్లో వాన మొహం చాటేసింది. శనక్కాయ ఊడలు దిగే దశలో ఉంది. అప్పుడు నేలలో తేమ లేకపోతే ఊడ మట్టిలోకి దిగదు, దిగినా కాయ ఊరదు. ఆ దశలో పడే ఒక తడి విలువ రబీలో పది తడులకు లేదు. జట్టు కూర్చుని బోరు లేని చేలకే ముందు తడి ఇవ్వాలని తీర్మానించింది. స్ప్రింక్లర్ సెట్లు ఒక చేను నుంచి ఇంకో చేనుకు భుజాల మీద మోసుకుపోయారు. రాత్రుళ్లు పైపులు మార్చడానికి పిల్లలు కూడా వచ్చారు.

సమావేశంలో ప్రశ్న వేసిన అక్క చేనుకు మూడో వంతు వచ్చింది. స్ప్రింక్లర్ తిరుగుతుంటే ఆమె గట్టు మీద కూర్చుని ఒక మొక్క పీకి చూపించింది. ఊడల కొసలు కొన్ని గాలిలోనే ఎండి నల్లబడ్డాయి, కొన్ని మట్టిలోకి దిగి లేత కాయలు కట్టాయి. "ఇంకో నాలుగు దినాలు పోయింటే అన్నీ ఇట్లే అయ్యేవి సార్," అంది నల్లబడ్డ ఊడను గోటితో తుంచుతూ. ఆమె చేను కాసింది. జట్టు హద్దు దాటి అవతల ఉన్న చేలల్లో చాలామందికి పశువుల మేతే దక్కింది. రెండు చేలకూ మధ్య ఒక గట్టే అడ్డం.

ఆ వేసవిలో జట్టులో కొత్త బోరు పడలేదు. నాకు మట్టాల లెక్క కన్నా ఇదే పెద్ద ఫలితంగా కనిపిస్తుంది. ఒక్క బోరు ఎండితే ఒక కుటుంబం మీద పడే అప్పు, ఆ ఇంట్లో రాత్రుళ్లు ఉండే టెన్షన్ నేను దగ్గర నుంచి చూశాను. రిగ్గు బండి ఊళ్లోకి రాని వేసవి అంటే ఎన్ని ఇళ్లు ఆ అప్పు నుంచి తప్పించుకున్నాయో ఊరివాళ్లకు తెలుసు.

నిలవనివి

అన్నీ నిలబడలేదు. జట్టు మధ్యలో పొలం ఉండీ ఒప్పందంలో చేరని ఒక కుటుంబం ఉంది. బెంగళూరులో ఉండే వాళ్లు దానిమ్మ తోట కోసం ఒక రాత్రి రిగ్గు తెప్పించారు. జట్టువాళ్లు పోయి పైపులైన్ నీళ్లిస్తాం, బోరు వద్దు అని బతిమాలారు. వినలేదు. నీళ్లు పడ్డాయి. ఆ తరువాతి నెలల్లో పక్క రెండు బోర్లలో మట్టం మామూలు కన్నా బాగా పడిపోయింది. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అందరూ వాల్టా అనేది, కొత్త బోరుకు అనుమతి తప్పనిసరి అంటుంది. జట్టు తన రిజిస్టరు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. అర్జీ తీసుకున్నారు. అక్కడితో ఆగింది. ఊరి కట్టుబాటు బలం ఎంత ఉన్నా దాని వెనక ప్రభుత్వం నిలబడకపోతే డబ్బున్న ఒక్కరు దాన్ని రాత్రికి రాత్రి దాటేయగలరు. సమష్టి అంటే ఊరి పంచాయితీ ఒక్కటే కాదు, చట్టం అమలు కూడా అందులో భాగమే. దీన్ని రైతుల ఐకమత్య లోపంగా చూపించే మాటలు నాకు కోపం తెప్పిస్తాయి.

రెండో ఏడాది టమాటా ధర మండిపోయినప్పుడు ఇద్దరు రైతులు తమ వంతు దాటి మోటార్లు వేసుకున్నారు. జట్టు జరిమానా వేయలేదు. ఆ వారం మట్టాల రీడింగును వాళ్ల చేతనే రిజిస్టరులో రాయించి, సమావేశంలో చదివించింది. ఒకతను తరువాతి వంతు వదులుకున్నాడు. ఇంకొకతను ఇప్పటికీ సమావేశాలకు రావడం లేదు. పైపులైన్ వాల్వులు పాడైతే బాగుచేసే డబ్బు ఎవరిది అన్నది ఇంకో పెద్ద తగాదా. ప్రాజెక్టు ఉన్నంతకాలం కలిసి వచ్చిన ఖర్చు తరువాత ఎకరాల లెక్కన తీయాలంటే, నీళ్లు ఎక్కువ అందినవాళ్లు ఎక్కువ వేయాలని బోరున్నవాళ్లు, బోరు వేయకుండా త్యాగం చేసింది మేమని బోరు లేనివాళ్లు. ఇద్దరి మాటలోనూ బలం ఉంది.

పంటల మార్పు మాత్రం నేననుకున్న దానికన్నా తేలికగా జరిగింది. రబీ వరి పోయిన చోట కొర్ర, రాగి, ఉలవ వచ్చాయి, కొంతమంది అనుములు వేశారు. వరి వదలడానికి బియ్యం అసలు అడ్డమే కాదు, ఇంటికి బియ్యం చౌకధరల దుకాణం నుంచి వస్తాయి. అడ్డం గడ్డి. వరిగడ్డి లేకపోతే ఎనుములకు (గేదెలకు) ఏం పెట్టాలి అన్నది ఆడవాళ్లు లేవనెత్తిన ప్రశ్న. జొన్న మేత, గట్ల మీద గడ్డి పెంచడం మొదలయ్యాకే వరి నిజంగా తగ్గింది. నీళ్ల సమావేశాలకు మగవాళ్లనే పిలిచి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు.

ఇప్పుడు

జట్టు ఇంకా నడుస్తోంది. రెయిన్‌గేజ్ రీడింగు చావడి దగ్గర నల్లబల్ల మీద రోజూ రాస్తున్నారు. చెరువు పూడిక తీత, వంక మీద చెక్‌డ్యాము మరమ్మతు ఉపాధి హామీ పనుల్లో పెట్టించారు. ఇంకో రెండు ట్రాన్స్‌ఫార్మర్ల కింది రైతులు కెపాసిటర్ల దాకా వచ్చారు, నీళ్ల దగ్గర ఆగారు. అసలు చిక్కు ఎగువన ఉంది. అదే వంక మీద పైనున్న ఊళ్లో ఈ మూడేళ్లలో బోర్లు పెరిగాయి. వాళ్లకు మా జట్టు కట్టుబాటుతో సంబంధం లేదు, అక్కడ తోడిన ప్రతి బోరు ప్రభావం ఇక్కడి మట్టం మీద పడుతుంది. శనక్కాయ పీకుడు అయిపోయాక రెండు ఊళ్ల వాళ్లను చెరువు కట్ట మీద కూర్చోబెట్టాలని, కొలతల్లో శిక్షణ పొందిన ఆ పెద్దాయన ప్రయత్నిస్తున్నాడు. ఆయన మొదట పోయి కలిసింది ఆ ఊరి సర్పంచును కాదు, అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మోటార్లు కాలి తిట్టుకుంటున్న నలుగురు రైతులను. వాళ్లలో ఇద్దరు టేపు తీసుకురమ్మన్నారట.